పెరంబూర్‌లో మా పచ్చ షట్టర్ మెడికల్ షాపు

చెన్నై పెరంబూర్‌లో పేపర్ మిల్స్ రోడ్డు నుంచి లోపలికి మళ్ళాక రెండో సందు మూలలో ఉంటుంది ఈ షాపు. బోర్డు మీద పేరు ఎండకి వెలిసిపోయి సగం అక్షరాలు కనపడవు. షట్టర్‌కి ఆకుపచ్చ రంగు కాబట్టి వీధిలో అందరం పచ్చ షట్టర్ షాపు అనే అంటాం. వెడల్పు పది అడుగులు ఉంటుందేమో. మనం నిలబడే చోట ఫ్యాన్ కూడా లేదు. మందుల అరలున్న లోపలి గదికి మాత్రం అద్దం తలుపు, ఏసీ ఉన్నాయి. మే నెలలో చెమటలు కక్కుతూ బయట నిలబడ్డప్పుడు మొదట్లో నాకు కోపం వచ్చేది. మందుల అట్టల మీద 25 డిగ్రీలు, 30 డిగ్రీలు దాటనివ్వకండి అని రాసి ఉంటుందని, చెన్నై ఎండలో ఏసీ లేని షాపులో అది కుదరదని తర్వాత తెలిసింది.

మాది గూడూరు. మా ఆయన ఐసీఎఫ్‌లో, అంటే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పని చేస్తారు, అందుకే ఇక్కడ కాపురం. నాన్న పోయాక 2019లో అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. అమ్మకి ఇప్పుడు డెబ్బై రెండేళ్ళు. షుగరు, బీపీ, థైరాయిడ్ మూడూ ఉన్నాయి. మా ఆయన రైల్వే కార్డులో అమ్మ పేరు ఉండదు, కాబట్టి ఆమె మందులన్నీ బయటే కొనాలి. అలా నెలకి మూడు నాలుగుసార్లు ఈ షాపు మెట్టు ఎక్కుతాను.

షాపు నడిపేది ఒక అక్క. యాభై దాటి ఉంటాయి. వాళ్ళది మూడు తరాలుగా మద్రాసులోనే ఉన్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవడం, రాయడం రాదు. షాపు లైసెన్సులు, తమిళనాడు ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, అందులో ఆవిడ ఫోటో, అన్నీ కౌంటర్ వెనక గోడకి ఫ్రేము కట్టి ఉంటాయి. చాలా షాపుల్లో ఫ్రేములో ఒకరి ఫోటో ఉంటుంది, కౌంటర్‌లో ఇంకొకరు ఉంటారు. ఇక్కడ ఫోటోలో మనిషే ఎదురుగా నిలబడి ఉంటుంది.

ఈ షాపు గురించి రాయాలని నాకు గట్టిగా అనిపించింది మిచాంగ్ తుఫానప్పుడు. 2023 డిసెంబర్ 4, సోమవారం. ఆదివారం రాత్రి మొదలైన వాన ఆగలేదు. పెరంబూర్ సబ్‌వేలు మునిగిపోయాయి, మా వీధిలో మోకాలి దాకా నీళ్ళు, సోమవారం పొద్దున్నే కరెంటు తీసేశారు. మళ్ళీ మాకు కరెంటు వచ్చింది బుధవారం రాత్రి. అమ్మ ఇన్సులిన్ వయల్‌లో మందు అడుక్కి వచ్చేసింది. నీళ్ళు తీశాక గురువారం పొద్దున్నే షాపుకి పరిగెత్తాను. షట్టర్ సగం ఎత్తి ఉంది. అక్క, ఇద్దరు కుర్రాళ్ళు కలిసి నేల కడుగుతున్నారు. ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది, ఇన్సులిన్ లేదు అని తమిళంలో.

లేకపోవడమేంటి, ఫ్రిజ్ అద్దంలోంచి వయల్స్ కనపడుతూనే ఉన్నాయి. "అదిగో ఉంది కదక్కా, ఒక్కటివ్వండి" అన్నాను. "అది ఇయ్యను మా" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మూడు రోజులుగా నిద్ర లేదు, అమ్మకి రేపటికి మందు లేదు, ఎదురుగా మందు పెట్టుకుని ఇవ్వనంటోంది. గొంతు పెంచాను. ఆవిడ పెంచలేదు. ఒక నోట్‌బుక్ తీసి నా ముందు పెట్టింది.

ఫ్రిజ్‌లో ఒక థర్మామీటర్ ఉంటుంది. రోజుకి రెండుసార్లు, షాపు తెరిచినప్పుడు, మూసేటప్పుడు, అందులో అంకె చూసి ఆ నోట్‌బుక్‌లో రాస్తారు. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యలో ఉండాలి. వెనక్కి తిప్పితే నెలల తరబడి 4, 5, 5, 6 అని వరుసగా ఉన్నాయి. సోమవారం సాయంత్రం 8. ఐస్ ప్యాకులు పెట్టారట, అందుకని అంతలో ఆగింది. మంగళవారం పొద్దున 11, సాయంత్రం 16. బుధవారం 21. మోకాలి లోతు నీళ్ళలో నడిచొచ్చి చీకట్లో టార్చి వేసి ఆ అంకెలు రాసుకుంది ఆ మనిషి. "చూసేదానికి ఇది బాగానే ఉంది మా. లోపల పవర్ ఎంత మిగిలిందో నేనెట్ల చెప్పేది? పెద్దమ్మకి పొడిచినంక షుగర్ దిగకపోతే ఎవరిని అడుగుతావు?" అంది.

అప్పటికి నాకు అర్థమైంది. పాడైన ఇన్సులిన్‌కి వాసన రాదు, రంగు మారకపోవచ్చు. డోసు సరిగ్గానే వేసుకుంటాం, షుగరు మాత్రం పైకి పోతుంది.

ఆ తర్వాత ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, అమ్మ వాడుతున్న వయల్ మూత తీసి ఎన్ని దినాలైంది అని. పద్దెనిమిది రోజులు అన్నాను. "అయితే భయం లేదు. తెరిచిన వయల్ ఎండ తగలకుండా చల్లగా ఉంటే నాలుగు వారాల దాకా బయటైనా ఉండొచ్చు. ఈ మూడు దినాలకి దానికేం కాదు. కుండలో నీళ్ళు పోసి, పక్కన గిన్నెలో పెట్టు. ఐస్ మీద పెట్టొద్దు, గడ్డ కడితే అదీ పోతుంది" అంది. తర్వాత ఫోన్ తీసి, కరెంటు పోని ఏరియాలో జనరేటర్ ఉన్న ఒక షాపుకి చేసి, వాళ్ళ ఫ్రిజ్ ఆగిందా, ఎంతసేపు ఆగింది అని ఆరా తీసి, ఒక వయల్ పక్కన పెట్టించింది. మా ఆయన బండి మీద వెళ్ళి తెచ్చారు. ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ ఒక డబ్బాలో వేసి, అమ్మకానికి కాదు అని ఎర్ర టేపు చుట్టి పెట్టింది. డిస్ట్రిబ్యూటర్ ఎన్నిటికి డబ్బు వెనక్కిచ్చాడో నేనడగలేదు. ఆ వారం వీధిలో షుగరున్న ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు వచ్చి ఉంటారు, అడిగిన ధరకి కొనుక్కుని వెళ్ళేవాళ్ళు. ఆవిడ ఒక్కటి కూడా అమ్మలేదు.

అసలు ఇక్కడ నమ్మకం కుదిరింది ఇంకా ముందు. 2019 జూన్, అమ్మ వచ్చిన కొత్త. గూడూరు నుంచి తెచ్చుకున్న సిరంజిలు అయిపోయాయి. నేను వేరే పని మీద బయటికెళ్ళి, దారిలో ఒక హాస్పిటల్ పక్కనున్న పెద్ద షాపులో ఇన్సులిన్ సిరంజిలు అడిగితే ఒక ప్యాకెట్ ఇచ్చారు. ఏ ఇన్సులిన్ అని అడగలేదు. అందులో రెండు రకాలుంటాయని నాకూ తెలియదు. ఆ రోజు నుంచి అమ్మ షుగరు 280, 310, 340. మామిడిపళ్ళ కాలం కదా, దొంగతనంగా తింటున్నావని అమ్మని తిట్టాను. నేను తినలేదే అని అమ్మ ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే గుండె పట్టేసినట్టుంటుంది.

ఐదో రోజు గ్లూకోమీటర్ స్ట్రిప్స్ కోసం పచ్చ షట్టర్ షాపుకి వెళ్ళి, మీటరు పాడైందేమో అక్కా, 340 చూపిస్తోంది అన్నాను. "సిరంజి మూత ఏం రంగు?" అని అడిగింది. నారింజ అన్నాను. చేతిలో పనాపేసి కాగితం తీసుకుంది.

ఇది ఇన్సులిన్ వేసుకునే ప్రతి ఇంట్లోనూ తెలియాలి, అందుకే వివరంగా రాస్తున్నాను. మన దగ్గర వయల్‌లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా ఒక మిల్లీలీటరుకి 40 యూనిట్ల బలం. దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నులో వేసే కార్ట్రిడ్జ్‌లు, కొన్ని ఖరీదైన వయల్స్ 100 యూనిట్ల బలం. 100 వయల్‌కి నారింజ మూత సిరంజి. గీతలు రెండిటి మీదా ఉంటాయి, కానీ లెక్క వేరు. అమ్మకి డాక్టరు రాసింది 20 యూనిట్లు. నారింజ సిరంజిలో 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 మిల్లీలీటర్లే. 40 బలం మందులో దానికి లెక్క 8 యూనిట్లు. అంటే అమ్మ ఐదు రోజులు సగం కూడా లేని మందుతో బతికింది. తారుమారైతే ఇంకా ప్రమాదం. 100 బలం మందుని ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు లోపలికి పోతాయి. షుగరు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

అప్పటి నుంచి ఆవిడ ఎవరికి ఇన్సులిన్ సిరంజి అమ్మినా వయల్ గానీ, దాని ఫోటో గానీ చూపించమంటుంది. చూపించకపోతే ఇవ్వదు. దీనికి చాలామంది విసుక్కుంటారు, క్యూలో నేను విన్నాను.

ఇక యాంటీబయాటిక్స్. నిరుడు మా ఆయనకి గొంతు నొప్పి. పోయినసారి డాక్టరు రాసిన సెఫిక్సిమ్‌తో తగ్గిందని అదే తెమ్మన్నారు. చీటీ లేకుండా అడిగితే ఇవ్వలేదు. సెఫిక్సిమ్ లాంటివి షెడ్యూల్ హెచ్1 అనే ప్రభుత్వ మందుల జాబితా కిందికి వస్తాయి. 2014 మార్చి 1 నుంచి ఆ మందులు అమ్మితే రాసిన డాక్టరు పేరు, అడ్రసు, పేషెంట్ పేరు, మందు, ఎన్ని ఇచ్చారు, ఇవన్నీ విడిగా రిజిస్టర్‌లో ఎక్కించి మూడేళ్ళు దాచాలి. కొన్ని నిద్రమాత్రలు, ట్రమడాల్ లాంటి నొప్పి బిళ్ళలు, టీబీ మందులు కూడా అందులోనే ఉన్నాయి. స్ట్రిప్ మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది చూడండి. ఆవిడ ఆ రిజిస్టర్ తెరిచి, ఇక్కడ ఏ డాక్టర్ పేరు రాయమంటావు అని అడిగింది. మా ఆయనకి కోపమొచ్చి రెండు వీధుల అవతల ఇంకో షాపుకి వెళ్ళారు. బిల్లు లేకుండా దొరికింది. మూడు రోజుల్లో తగ్గింది కూడా, ఆ మందు వల్లో, వేసుకోకపోయినా తగ్గేదో. దీని మీద మా ఇంట్లో ఇంకా వాదన నడుస్తూనే ఉంది. నేను మాత్రం అక్క పక్షమే.

2025 అక్టోబర్‌లో దగ్గు సిరప్ వార్తలు విన్నారు కదా. మధ్యప్రదేశ్‌లోని చింద్వారాలో ఇరవై మందికి పైగా చిన్నపిల్లలు పోయారు. వాళ్ళు తాగిన సిరప్ తయారైంది ఎక్కడో కాదు, మనకి పక్కనే కాంచీపురం జిల్లాలో. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసి కిడ్నీలు పోయాయి. ఆ వార్త చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ దీపావళికి తిరుపతి నుంచి మా చెల్లి, మూడేళ్ళ కొడుకుతో వచ్చింది. వాడికి జలుబు, రాత్రంతా దగ్గు. ఏదైనా సిరప్ ఇవ్వండి అంటే, ఆ వయసుకి చీటీ లేకుండా ఏ సిరప్పూ ఇయ్యను అని, ముక్కులో వేసే సెలైన్ చుక్కలు మాత్రం ఇచ్చింది. రెండేళ్ళ లోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయొద్దని, ఐదేళ్ళ లోపు వాళ్ళకి మామూలుగా వాడొద్దని అదే నెలలో కేంద్రం కూడా చెప్పింది. ఊపిరి వేగంగా తీసుకుంటున్నా, రొమ్ము లోపలికి లాగుతున్నా, నీళ్ళు తాగకపోయినా ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ దగ్గరికి పొమ్మని చెల్లికి రెండుసార్లు చెప్పింది. వాడికి నాలుగు రోజుల్లో తగ్గిపోయింది.

చిన్న చిన్న విషయాలు చాలా ఉన్నాయి. స్ట్రిప్ కత్తిరించి ఇవ్వాల్సి వస్తే ఎక్స్‌పైరీ తేదీ, బ్యాచ్ నంబర్ లేని వైపు నుంచి కత్తిరిస్తారు, ఆఖరి బిళ్ళ దాకా తేదీ షాపు దగ్గర ఉంటుంది. కత్తిరించిన ముక్క మనకిచ్చేటప్పుడు కవర్ మీద తేదీ రాస్తారు. బాగా అమ్ముడుపోయే 300 బ్రాండ్లకి 2023 ఆగస్టు నుంచి క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయింది కదా, దాన్ని ఫోన్‌తో స్కాన్ చేసి బ్యాచ్, తేదీలు ఎలా చూసుకోవాలో నాకు నేర్పింది ఆవిడే. అమ్మ వారం మందులన్నీ ఒలిచి డబ్బాలో పోసుకునేది. టెల్మిసార్టాన్ బిళ్ళకి గాలిలో తేమ తగలకూడదు, స్ట్రిప్‌లోంచి అప్పటికప్పుడే తీసి వేసుకోవాలి అని చెప్పి, ఆ బీపీ బిళ్ళని మాత్రం స్ట్రిప్ ముక్కతోనే డబ్బాలో పెట్టించింది. పొద్దున్నే థైరాయిడ్ బిళ్ళతో పాటే కాల్షియం కూడా వేసుకుంటోందని తెలిసి, రెండిటికీ మధ్య నాలుగు గంటలు ఉండాలని చెప్పింది. కాల్షియం కలిస్తే థైరాయిడ్ మందు ఒంటికి సరిగ్గా పట్టదట. డాక్టరు గారిని అడిగితే అవును, అలాగే వేసుకోవాలి అన్నారు. ఇప్పుడు మా ఇంట్లో ఏ మందు కొత్తగా వచ్చినా, "ఆయమ్మకి చూపించినావా?" అని అమ్మ అడుగుతుంది.

ఒక్కసారి ఈ షాపులోనూ తప్పు జరిగింది, అది దాచి రాస్తే మంచి చెప్పిందంతా అబద్ధమైపోతుంది. 2021లో అనుకుంటాను, కొత్తగా చేరిన కుర్రాడు అమ్మకి 75 మైక్రోగ్రాముల థైరాయిడ్ సీసాకి బదులు 25 సీసా ఇచ్చాడు. సీసాలు చూడటానికి ఒకేలా ఉంటాయి. నేను కూడా చూసుకోలేదు. రాత్రి పది దాటాక తలుపు కొట్టిన చప్పుడు. చూస్తే అక్క, చేతిలో 75 సీసా. షాపు మూసే ముందు బిల్లులు, స్టాకు సరిచూస్తుంటే తేడా కనపడిందట. కుర్రాడిని పంపొచ్చు, తనే వచ్చింది. తప్పు మాదే, ఒక్క బిళ్ళ కూడా వేసుకోలేదు కదా అని మూడుసార్లు అడిగింది. ఆ మర్నాటి నుంచి షాపులో కొత్త పద్ధతి. మందు కవర్లో పెట్టే ముందు పేరు, పవర్ పైకి చదువుతారు, మనం చీటీ చూసి అవును అనాలి. రద్దీలో దీనివల్ల ఇంకో రెండు నిమిషాలు ఆలస్యం అవుతుంది. అవనివ్వండి.

కవర్ల మీద వేళలు తమిళంలో రాస్తారు. అమ్మకి తమిళం రాదు. అక్కకి తెలుగు రాయడం రాదు. ఒకరోజు నేనే ఒక తెల్ల కాగితం మీద పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, తిండికి ముందు, తిన్న తర్వాత, వారానికి ఒక్కసారే అని పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. ఆవిడ జెరాక్స్ తీయించి ముక్కలుగా కత్తిరించి ఒక డబ్బాలో పెట్టుకుంది. తెలుగు వాళ్ళు వస్తే ఆ ముక్క అంటించి ఇస్తుంది. వారానికి ఒక్కసారే అన్న ముక్క కావాలన్నది ఆవిడే, మెథోట్రెక్సేట్ కోసం. కీళ్ళవాతానికి వారానికి ఒకసారి వేసుకోవాల్సిన ఆ బిళ్ళని పొరపాటున రోజూ వేసుకుంటే మనిషి చచ్చిపోయే ప్రమాదం ఉందని అప్పుడే తెలిసింది. ఆ ముక్క మాత్రం ఎర్ర ఇంకుతో రాయమంది.

ధరల సంగతి. ఆన్‌లైన్‌లో ఇచ్చేంత డిస్కౌంట్ ఇక్కడ రాదు. నెల మందులు మొత్తం ఒకేసారి కొంటే కాస్త తగ్గిస్తారు, అంతే. కానీ ప్రతిదానికీ బ్యాచ్ నంబర్‌తో బిల్లు ఇస్తారు. 2025 ఫిబ్రవరి 24న రాష్ట్రమంతా వెయ్యి ముదల్వర్ మరుందగాలు, అంటే తక్కువ ధర మందుల షాపులు తెరిచారు కదా, అమ్మ షుగరు బిళ్ళ మెట్‌ఫార్మిన్ అక్కడ చాలా తక్కువకి దొరుకుతుంది, పోయి చూడు అని నన్ను పంపింది కూడా ఈవిడే. ఇప్పుడు మెట్‌ఫార్మిన్ అక్కడే కొంటున్నాను. తెచ్చాక పవర్ సరిగ్గా ఉందో లేదో మాత్రం ఇక్కడ చూపించి వెళ్తాను, దానికి ఆవిడ ఏ రోజూ మొహం చిట్లించలేదు.

నాకు నచ్చనివీ ఉన్నాయి. షాపు ముందు మెట్టు అడుగున్నర ఎత్తు ఉంటుంది. పట్టుకోడానికి కమ్మీ లేదు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ ఎక్కలేదు, రోడ్డు మీదే నిలబడుతుంది. రెండేళ్ళుగా చెప్తున్నాను. ఇంటి ఓనరు ఒప్పుకోవట్లేదు అంటున్నారు, ఒక కమ్మీకైనా ఒప్పించాలి. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా కౌంటర్ దగ్గర జనం ఒకరి మీద ఒకరు పడతారు. అప్పుడు ఎవరి జబ్బేంటో అందరికీ వినపడుతుంది. మందు పేరు పైకి చదివే పద్ధతి మంచిదే, కానీ ఒక ఆడపిల్ల వచ్చి నెమ్మదిగా ఏదో అడిగి, చుట్టూ చూసి వెళ్ళిపోవడం నేను చూశాను. పక్కకి ఒక చిన్న బల్ల వేసి విడిగా మాట్లాడే చోటు పెట్టొచ్చు. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా అక్క భోజనానికి వెళ్తుంది, ఆ గంటలో కుర్రాళ్ళు చీటీ మందులు ఇవ్వరు. ఫార్మసిస్ట్ లేకుండా ఇవ్వకూడదు, అది సరైనదే. అయితే ఆ సంగతి బయట బోర్డు మీద రాస్తే ఎండలో వచ్చిన వాళ్ళు తిరిగి వెళ్ళే పని ఉండదు. రాత్రి తొమ్మిదిన్నరకి మూసేస్తారు, ఆదివారం మధ్యాహ్నం తర్వాత ఉండదు. అర్ధరాత్రి అవసరం వస్తే ఇంకో దారి చూసుకోవాల్సిందే. బీపీ ఉచితంగా చూస్తారు కానీ ఆ మిషన్ పాతది, డాక్టర్ దగ్గర చూసినదానికీ దానికీ తేడా వస్తోంది. మార్చాలి.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు పొద్దున పదకొండు నుంచి ఒంటిగంట లోపు వెళ్ళండి, అప్పుడు అక్కకి మాట్లాడే తీరిక ఉంటుంది. డాక్టర్ చీటీ, ఇంట్లో వాడుతున్న అన్ని మందుల స్ట్రిప్పులు ఒక కవర్లో వేసుకుని వెళ్ళండి, ఆయుర్వేదం ఉంటే అది కూడా. ఇన్సులిన్ వేసుకునే వాళ్ళుంటే వయల్ గానీ, దాని ఫోటో గానీ, దానితో పాటు వాడేసిన సిరంజి మూత ఒకటి తీసుకెళ్ళండి.